కొండ మీద ఒక పగలు, ఒక రాత్రి

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• కొండ ప్రాంతంలో నక్షత్రాలు ఎక్కువగా ఎందుకు కనిపిస్తాయో వివరించగలుగుతారు.
• ఆకాశ దర్శనానికి తగిన రాత్రిని క్యాలెండరు చూసి నిర్ణయించుకోగలుగుతారు.
• ధ్రువనక్షత్రం ఎత్తును మీ పిడికిలితో కొలవగలుగుతారు.

1. పరిచయం

పిల్లాపాపలతో, పులిహోర పొట్లాలతో మీరు ఎప్పుడో ఒకసారి ఏదో ఒక కొండకు వెళ్ళే ఉంటారు. పొద్దు వాలగానే చాలామంది తిరుగుప్రయాణం కడతారు. కానీ కొండ చూపించే గొప్ప దృశ్యం చీకటి పడ్డాకే మొదలవుతుంది. ఆ రాత్రి కూడా అక్కడే ఉండేలా ప్రయాణం ఎలా వేసుకోవాలో, ఏమేమి చూడాలో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఉదాహరణగా తమిళనాడులో జవ్వాదు కొండల్లో ఉన్న కావలూరును తీసుకుందాం.

2. ఎత్తా, చీకటా?

కావలూరులో వైను బప్పు వేధశాల ఉంది. వైను బప్పు హైదరాబాదులో పెరిగారు. ఆయన తండ్రి అక్కడి నిజామియా వేధశాలలో పనిచేసేవారు. కొత్త వేధశాల కోసం బప్పు ఎంచుకున్న చోటు కావలూరు. 1968లో ఇక్కడ 38 సెంటీమీటర్ల దూరదర్శినితో పని మొదలైంది. 1982లో ఆయన మరణించారు. ఆయన తలపెట్టిన 2.34 మీటర్ల దూరదర్శిని 1986లో ప్రారంభమైంది. దానికీ, వేధశాలకూ ఆయన పేరే పెట్టారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. కావలూరు ఎత్తు సుమారు 725 మీటర్లే. అక్కడ గాలి పీడనం సముద్రమట్టం దగ్గరకంటే కొద్దిగా మాత్రమే తక్కువ. మరి ఆ చోటే ఎందుకు? పట్టణాల దీపాలకు దూరంగా ఉండటం ఒక కారణం. దక్షిణాన ఉండటంవల్ల దక్షిణాకాశం ఎక్కువగా కనిపించడం రెండో కారణం.

పట్టణంలో వీధిదీపాల కాంతి గాలిలోని దుమ్ము, తేమ మీద పడి చెదిరిపోతుంది. ఆకాశమంతా మసక వెలుగు పరుచుకుంటుంది. ఆ వెలుగులో మందమైన నక్షత్రాలు కలిసిపోతాయి. అవి లేకుండా పోలేదు, మనకు కనిపించడం లేదు, అంతే. చీకటి కొండ మీద ఒకేసారి రెండు మూడు వేల నక్షత్రాలు వట్టి కంటికి కనిపిస్తాయి. కాబట్టి మీకు ఎత్తయిన కొండే అక్కరలేదు. చీకటిగా ఉండే చిన్న గుట్ట అయినా చాలు.

3. రోజును ఎంచుకోవడం

వెన్నెల కూడా దీపం లాంటిదే. ఇంటి గోడ మీది క్యాలెండరులో తిథి చూడండి. అమావాస్యకు రెండు మూడు రోజులు అటూ ఇటూ ఉన్న రాత్రులు అన్నిటికంటే మంచివి. పున్నమినాడు సూర్యుడు అస్తమించే వేళకే చంద్రుడు ఉదయిస్తాడు. ఆ తరువాత రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. అందువల్ల బహుళ పంచమి దాటితే పొద్దు గూకాక నాలుగు గంటలైనా చీకటి దొరుకుతుంది. నెల విషయానికి వస్తే, దక్షిణాదిలో జనవరి, ఫిబ్రవరి అనుకూలం.

4. పగటి పనులు

చీకటి పడకముందే కూర్చునే చోటు చూసి పెట్టుకోండి. లోయ అంచు, పొదలు, రాళ్ళ సందులు వద్దు. ఉత్తర దిక్కు గుర్తుపెట్టుకోండి. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీల సెల్సియస్ తగ్గుతుంది. రాత్రికి ఇంకా తగ్గుతుంది. పసిపిల్లలకు, పెద్దవాళ్ళకు చెవులు కప్పే గుడ్డలు, దుప్పట్లు తీసుకువెళ్ళండి. రాత్రి వేళ ఘాట్ రోడ్డు దిగడం ప్రమాదం కాబట్టి బసకు ముందే ఏర్పాటు చేసుకోండి. వేధశాల లోపలికి వెళ్ళదలిస్తే సందర్శన వేళలు ముందుగా కనుక్కోండి.

5. కంటికి వ్యవధి ఇవ్వండి

సూర్యాస్తమయం తరువాత పూర్తి చీకటి పడటానికి గంటకు పైగా పడుతుంది. మన కంటి రెటీనాలో శంకువులు, దండాలు అనే కణాలు ఉంటాయి. మసక వెలుతురులో పనిచేసేవి దండాలు. వాటిలోని రొడాప్సిన్ తిరిగి నిండటానికి 20 నుంచి 30 నిమిషాలు కావాలి. ఈలోగా ఎవరైనా ఫోను వెలిగించారా, మళ్ళీ మొదటికి వస్తుంది. దండాలు ఎరుపు కాంతికి అంతగా స్పందించవు. అందుకే టార్చిలైటుకు ఎర్రని పలుచని కాగితం చుట్టండి.

6. ఏమేమి చూడాలి?

ఫిబ్రవరి నడుమ రాత్రి 8 గంటలకు నడినెత్తికి దగ్గరలో ఓరియన్ అనే వేటగాడి మండలం ఉంటుంది. ఒకే వరుసలో ఉన్న మూడు చుక్కలు అతని నడికట్టు. ఆ వరుసను ఆగ్నేయం వైపు పొడిగిస్తే రాత్రి ఆకాశంలో అతి ప్రకాశవంతమైన నక్షత్రం లుబ్ధకం దొరుకుతుంది. వాయవ్యం వైపు పొడిగిస్తే ఎర్రని రోహిణి, దాన్ని దాటితే కృత్తికల గుంపు కనిపిస్తాయి. దక్షిణాన కాస్త కిందుగా అగస్త్య నక్షత్రం మెరుస్తుంది.

రోహిణి నుంచి కాంతి మనను చేరడానికి సుమారు 65 ఏళ్ళు పడుతుంది. మీ పక్కన కూర్చున్న తాతగారు చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడు బయలుదేరిన వెలుగును ఆయన మనవడు ఇప్పుడు చూస్తున్నాడన్నమాట.

రాత్రి 10 దాటాక ఈశాన్యాన సప్తర్షి మండలం పైకి వస్తుంది. పెళ్ళిలో చూపించే అరుంధతి అక్కడే, వశిష్ఠుని పక్కన ఉంటుంది. పగటి ముహూర్తాల్లో చూడలేకపోయిన జంటలు ఇప్పుడు తీరిగ్గా చూడవచ్చు!

కృత్యం: చేయి చాచి పిడికిలి బిగించండి. దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. దిక్చక్రం నుంచి ధ్రువనక్షత్రం దాకా ఎన్ని పిడికిళ్ళో కొలవండి. ఆ ఎత్తు దాదాపు మీరున్న చోటి అక్షాంశానికి సమానం. కావలూరులో అది పిడికిలికి కొంచెం ఎక్కువ, అంటే 12 డిగ్రీల పైచిలుకు. ఉత్తరాన ఎదురుగా కొండ ఉంటే నక్షత్రం దాని చాటున పడవచ్చు. లడఖ్‌లోని హాన్లేలో అదే నక్షత్రం మూడు పిడికిళ్ళ పైన, సుమారు 33 డిగ్రీల ఎత్తున ఉంటుంది.

7. చీకటిని కాపాడుకోవడం

సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉన్న హాన్లేలోనూ వేధశాల ఉంది. అంత ఎత్తున్నా దీపాలు పెరిగితే ఆకాశం పాడవుతుంది. అందుకే 2022లో ఆ ప్రాంతాన్ని చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. వెలుగు బయటికి పోకుండా అక్కడి పల్లెల్లో కిటికీలకు తెరలు, దీపాలకు కప్పులు వాడుతున్నారు. మీ ఇంటి బయటి దీపానికి పైన రేకు కప్పు బిగించినా కాంతి నేల మీదే పడుతుంది. దారి బాగా కనిపిస్తుంది, కరెంటు ఆదా అవుతుంది. మీ వీధి పిల్లలకు మరికొన్ని నక్షత్రాలు కనిపిస్తాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఆకాశ దర్శనానికి శుద్ధ దశమి సాయంత్రం మంచిదా, బహుళ దశమి సాయంత్రం మంచిదా? ఎందుకు?
2. మే నెలాఖరులో రోహిణి కార్తె వస్తుంది. ఆ రోజుల్లో రాత్రి ఆకాశంలో రోహిణి ఎందుకు కనిపించదు?

జవాబులు

1. బహుళ దశమి. ఆనాడు చంద్రుడు అర్ధరాత్రి దాటాకే ఉదయిస్తాడు. శుద్ధ దశమినాడు సాయంత్రానికే చంద్రుడు ఆకాశంలో ఉంటాడు.
2. సూర్యుడు రోహిణి నక్షత్రం ఉన్న దిక్కున ఉండే రోజులే రోహిణి కార్తె. అప్పుడు రోహిణి సూర్యునితోపాటే ఉదయించి, సూర్యునితోపాటే అస్తమిస్తుంది. ఆరు నెలల తరువాత, నవంబరు నెలాఖరులో, రాత్రంతా కనిపిస్తుంది.