బడి గోడలు ఎంత గట్టి?

కిల్లారి పాఠం ఇంకా పూర్తిగా వంటబట్టలేదు

షోలాపూర్: 1993 సెప్టెంబరు 30. వినాయక నిమజ్జనం చేసొచ్చి జనమంతా ఆదమరిచి నిద్రపోతున్నారు. తెల్లవారుజామున 3.56 గంటలకు కిల్లారి పరిసరాల్లో భూమి కంపించింది. లాతూర్, ఉస్మానాబాద్ (నేటి ధారాశివ్) జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లే నేలమట్టమయ్యాయి. దాదాపు పది వేల మంది చనిపోయారు. అక్కడికి షోలాపూర్ వంద కిలోమీటర్లు కూడా ఉండదు.

ఆ వేళకు బడి గంట కొట్టలేదు. అదే ఉదయం పదింటికైతే? 2005 అక్టోబరు 8న కాశ్మీర్ భూకంపం ఉదయం 8.50కి వచ్చింది. పాకిస్థాన్ వైపు పిల్లలు తరగతుల్లో ఉన్నారు. దాదాపు 17 వేల మంది పిల్లలు చనిపోయారు, వారిలో ఎక్కువమంది కూలిన బడుల కిందే. 2001 గుజరాత్ భూకంపం కూడా ఉదయం వేళే. కాకపోతే అది జనవరి 26, బడుల్లో పాఠాలు లేని రోజు. గడియారం, క్యాలెండరు ఎప్పుడూ మనవైపే ఉంటాయనుకోలేం.

కిల్లారి ప్రాంతం అప్పటి భూకంప పటంలో అతి తక్కువ ప్రమాదమున్న జోన్ 1లో ఉండేది. 2002లో పటాన్ని సవరించినప్పుడు ఆ జోన్‌నే ఎత్తేశారు. షోలాపూర్‌ను జోన్ 3లో చూపారు. అంతకు ముందెప్పుడో కట్టిన బడులకు మాత్రం పటం మారిన సంగతి తెలియదు కదా!

మందం చూసి మోసపోవద్దు

గోడ ఎంత మందమైతే అంత గట్టి అని మన పెద్దల నమ్మకం. కిల్లారిలో ప్రాణాలు తీసింది ఆ మందపాటి రాతి గోడలే. అవి నిజానికి రెండు పొరలు. లోపల ఒక వరస, బయట ఒక వరస రాళ్లు పేర్చి, మధ్యలో మట్టీ చిన్న రాళ్లూ నింపేవారు. ఈ మొహం నుంచి ఆ మొహం దాకా పట్టే పొడవాటి రాళ్లు లేకపోతే ఊపుకు రెండు పొరలూ చెరోవైపు విడిపోతాయి. పైనున్న బరువైన మట్టి కప్పు నేరుగా మనుషుల మీద పడుతుంది.

అందుకే బడిని పరీక్షించే ఇంజినీరు ముందు చూసేది గోడ దేనితో కట్టారనే. మొదటి దశలో ఏ యంత్రమూ అక్కర్లేదు. చుట్టూ తిరిగి చూసి మార్కులు వేస్తారు. కట్టిన ఏడాది, మూలల్లో బీటలు, మూలకు మరీ దగ్గరగా పెట్టిన కిటికీలు, పాత గోడల మీద తర్వాత లేపిన గదులు, కప్పు మీది నీళ్ల ట్యాంకు లెక్కలోకి వస్తాయి. తలుపులు, కిటికీల పైన గోడలన్నిటినీ చుట్టివచ్చే కాంక్రీటు పట్టీ ఉందా లేదా అన్నది ముఖ్యం. వరండా స్తంభాల మధ్య సగం ఎత్తు గోడ కట్టి పైన ఖాళీ వదిలితే అదీ లోపమే. ఆ పొట్టి భాగం మీదే ఊపంతా పడి స్తంభం అక్కడే విరుగుతుంది.

మార్కులు తక్కువొచ్చిన బడికి రెండో దశలో కొలతలు తీసి లెక్క కడతారు. అప్పటికీ అనుమానం తీరకపోతే కాంక్రీటు నమూనాలు తీసి, ఇనుము ఎంత ఉందో చూసి లోతుగా పరీక్షిస్తారు.

‘ఆడిట్ అయిపోయింది’ అంటే?

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. స్ట్రక్చరల్ ఆడిట్ అయిందని కాగితం చూపితే తల్లిదండ్రులు ఊరట పడతారు. ఆ ఆడిట్ సాధారణంగా చూసేది ఇనుము తుప్పు పట్టిందా, స్లాబు పెచ్చులూడుతోందా, పైనుంచి పడే బరువును కట్టడం మోస్తుందా అని. భూకంపం పక్కకు తోస్తుంది. రోజూ బరువు మోసే గోడ ఆ తోపును కూడా తట్టుకుంటుందని చెప్పలేం. భూకంపం సంగతి పరిశీలించారా అని విడిగా అడగాల్సిందే.

బలహీనమని తేలిన ప్రతి బడినీ కూల్చనక్కర్లేదు. రాతి గోడకు అక్కడక్కడా ఆరపార రంధ్రాలు చేసి, ఇనుప కమ్మీ పెట్టి కాంక్రీటు నింపితే రెండు పొరలూ కలిసి పనిచేస్తాయి. మూలల్లో ఇనుప జాలీ వేసి సిమెంటు పూస్తారు. ఖర్చు కట్టడాన్ని బట్టి ఉంటుంది. చాలా బడుల్లో కొత్తది కట్టడం కంటే ఇదే చవక.

పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా స్థిరపడ్డ పూర్వభాగ్‌లో పిల్లలు మరాఠీ బడికి వెళ్లినా, తెలుగు బడికి వెళ్లినా అడగాల్సిన చోటు ఒకటుంది. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో తల్లిదండ్రులు సభ్యులుగా ఉండే యాజమాన్య కమిటీ అది. పరీక్ష కోరుతూ అక్కడ తీర్మానం చేసి జిల్లా పరిషత్ లేదా కార్పొరేషన్ ఇంజినీర్లకు పంపవచ్చు. మరమ్మతులకు వేసవి సెలవులే వీలు కాబట్టి, కాగితం జనవరిలోపే కదలాలి.