క్రెడిట్ కార్డు బాకీ బదిలీ

క్రెడిట్ కార్డు బాకీ బదిలీ (బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్) అనగా ఒక క్రెడిట్ కార్డుపై పేరుకుపోయిన అప్పును తక్కువ వడ్డీ రేటు గల మరొక సంస్థ కార్డుకు మార్చుకోవడం. కొత్త కార్డు జారీచేసిన బ్యాంకు పాత బ్యాంకుకు సొమ్ము చెల్లిస్తుంది. అప్పటినుండి కార్డుదారు కొత్త బ్యాంకుకు బాకీ పడతాడు. అప్పు తీరదు, అప్పిచ్చినవారు మాత్రమే మారతారు.

ఈ పద్ధతి అమెరికా సంయుక్త రాష్ట్రాలలోనూ, యునైటెడ్ కింగ్‌డమ్‌లోనూ విస్తృతంగా వాడుకలో ఉంది. సాధారణంగా కొత్త బ్యాంకు కొన్ని నెలలపాటు 0 శాతం వడ్డీ ఇస్తానని ప్రకటిస్తుంది. దీనిని ప్రారంభ రాయితీ రేటు లేదా ప్రమోషనల్ రేటు అంటారు. అయితే వడ్డీ లేనంత మాత్రాన ఖర్చు లేదని కాదు. బదిలీ రుసుము, రాయితీకి జోడించిన షరతులు కలిసి ఈ అప్పు యొక్క అసలు ధరను నిర్ణయిస్తాయి.

చరిత్ర

1978లో అమెరికా సుప్రీం కోర్టు మార్కెట్ నేషనల్ బ్యాంక్ కేసులో ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. దాని ప్రకారం ఒక జాతీయ బ్యాంకు తాను నెలకొన్న రాష్ట్రంలో అనుమతించిన వడ్డీ రేటును ఇతర రాష్ట్రాల ఖాతాదారుల నుండి కూడా వసూలు చేయవచ్చు. ఆ తరువాత దక్షిణ డకోటా, డెలావేర్ రాష్ట్రాలు వడ్డీ పరిమితులను తొలగించగా, పెద్ద బ్యాంకుల కార్డు విభాగాలు అక్కడికి తరలివెళ్ళాయి. 1980లలో కార్డు వడ్డీ రేట్లు అధికంగానే కొనసాగడంతో, తక్కువ రేటు చూపి పోటీదారుల ఖాతాదారులను ఆకర్షించే అవకాశం ఏర్పడింది.

వర్జీనియాకు చెందిన సిగ్నెట్ బ్యాంకు 1990ల తొలి సంవత్సరాలలో బాకీ బదిలీ పథకాన్ని పెద్ద ఎత్తున ప్రచారం చేసింది. ఆ బ్యాంకు కార్డు విభాగమే 1994లో విడివడి క్యాపిటల్ వన్ సంస్థగా రూపొందింది. తరువాత ఇతర సంస్థలు కూడా ఇదే దారి పట్టాయి.

పనిచేసే విధానం

కార్డుదారు కొత్త కార్డుకు దరఖాస్తు చేసేటప్పుడు గానీ, కార్డు వచ్చిన తరువాత గానీ పాత ఖాతా సంఖ్యను, బదిలీ చేయవలసిన మొత్తాన్ని తెలియజేస్తాడు. బదిలీ పూర్తికావడానికి కొన్ని రోజుల నుండి కొన్ని వారాల వరకు పట్టవచ్చు. ఈలోగా పాత కార్డుపై కనీస చెల్లింపు ఆపకూడదు, ఆపితే ఆలస్య రుసుము పడుతుంది. కొత్త కార్డు పరిమితిని మించి బదిలీ చేయడం కుదరదు. రుసుము కూడా ఆ పరిమితిలోనే లెక్కకు వస్తుంది. ఒకే బ్యాంకుకు చెందిన రెండు కార్డుల మధ్య బదిలీని సాధారణంగా అనుమతించరు.

బదిలీ రుసుము

అమెరికాలో ఈ రుసుము సాధారణంగా బదిలీ అయిన మొత్తంలో 3 నుండి 5 శాతం వరకు ఉంటుంది. దీనిని బదిలీ సమయంలోనే బాకీకి కలుపుతారు. 2000ల తొలి సంవత్సరాలలో పలు సంస్థలు ఈ రుసుముకు గరిష్ఠ పరిమితి పాటించేవి. తరువాత ఆ పరిమితులు చాలావరకు తొలగిపోవడంతో, పెద్ద బాకీలపై రుసుము భారం పెరిగింది.

ఉదాహరణకు 24 శాతం వార్షిక వడ్డీపై 5,000 డాలర్ల అప్పు ఉందనుకుందాం. దానిని 3 శాతం రుసుముతో, 15 నెలల 0 శాతం రాయితీ గల కార్డుకు మార్చితే బాకీ 5,150 డాలర్లు అవుతుంది. నెలకు 343.33 డాలర్ల చొప్పున చెల్లిస్తే 15 నెలలలో అప్పు పూర్తిగా తీరుతుంది. అదే వాయిదాను పాత కార్డుపై కడితే 18 నెలలు పట్టి, వడ్డీయే సుమారు 970 డాలర్లు అవుతుంది. ఇక్కడ బదిలీ వలన లాభం స్పష్టం.

అదే వ్యక్తి కొత్త కార్డుపై నెలకు 100 డాలర్లు మాత్రమే చెల్లిస్తే, 15 నెలల తరువాత 3,650 డాలర్లు మిగిలి ఉంటాయి. అప్పటినుండి 24 శాతం వడ్డీ పడితే మొదటి నెల వడ్డీ 73 డాలర్లు. అనగా 100 డాలర్ల వాయిదాలో అసలుకు జమ అయ్యేది 27 డాలర్లే.

గడువు తక్కువగా ఉన్నప్పుడు రుసుము భారం ఇంకా ఎక్కువగా కనబడుతుంది. 5 శాతం రుసుము చెల్లించి బాకీని 6 సమాన వాయిదాలలో తీర్చితే, అది సుమారు 17 శాతం వార్షిక వడ్డీతో సమానం. అలాగే 24 శాతం వడ్డీ గల 1,000 డాలర్ల బాకీని, నెలకు 500 డాలర్ల అసలు చొప్పున, రెండు నెలలలో తీర్చగలిగితే అయ్యే వడ్డీ 30 డాలర్లు. దానినే 5 శాతం రుసుముతో బదిలీ చేస్తే 50 డాలర్లు అవుతుంది.

రాయితీ నిబంధనలలోని చిక్కులు

ప్రకటనలో పెద్ద అక్షరాలలో కనిపించే రేటుకు, ఒప్పందంలోని షరతులకు మధ్య ఉండే తేడా వలన కార్డుదారులు తరచు పొరబడతారు. ముఖ్యమైన అంశాలు:

* గడువు ప్రారంభం: పలు పథకాలలో రాయితీ కాలం బదిలీ జరిగిన రోజునుండి కాక, ఖాతా తెరిచిన రోజునుండి లెక్కకు వస్తుంది. బదిలీ ఆలస్యమైతే ఆ మేరకు రాయితీ తగ్గిపోతుంది. నిర్ణీత వ్యవధిలో బదిలీ చేయకపోతే అసలు రాయితీయే వర్తించకపోవచ్చు.
* పరిధి: 0 శాతం రేటు బదిలీ అయిన బాకీకే వర్తించి, కొత్త కొనుగోళ్ళకు వర్తించకపోవచ్చు. నగదు తీసుకుంటే ప్రత్యేక రుసుము, అధిక వడ్డీ ఉంటాయి.
* వడ్డీ లేని వ్యవధి కోల్పోవడం: మామూలుగా నెలసరి బిల్లు మొత్తాన్ని గడువులోగా చెల్లించేవారికి కొనుగోళ్ళపై వడ్డీ ఉండదు. కానీ బదిలీ బాకీ మిగిలి ఉంటే బిల్లు పూర్తిగా చెల్లించనట్లే. అందువలన కొత్త కొనుగోళ్ళపై మొదటి రోజు నుండే వడ్డీ పడవచ్చు. అమెరికా వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ 2014 సెప్టెంబరులో కార్డు సంస్థలకు జారీచేసిన హెచ్చరికలో ఈ అంశాన్ని ప్రత్యేకంగా పేర్కొంది.
* వాయిదా వడ్డీ: దుకాణాల కార్డులపై "గడువులోగా మొత్తం చెల్లిస్తే వడ్డీ లేదు" అనే పథకం 0 శాతం రేటు వంటిది కాదు. 12 నెలల గడువుతో కొన్న 1,200 డాలర్ల వస్తువుపై చివరికి 20 డాలర్లు మిగిలినా, కొన్న తేదీ నుండి లెక్కించిన వడ్డీ అంతా ఒక్కసారిగా పడుతుంది.
* "వరకు" అనే మాట: "21 నెలల వరకు" అన్నప్పుడు ఆ గరిష్ఠ కాలం అందరికీ లభించదు. దరఖాస్తుదారు పరపతి చరిత్రను బట్టి తక్కువ కాలం లేదా తక్కువ పరిమితి మంజూరు కావచ్చు.

చట్టపరమైన నియంత్రణ

అమెరికాలో 1968 నాటి ట్రూత్ ఇన్ లెండింగ్ చట్టం రుణ ఖర్చులను వెల్లడించడం తప్పనిసరి చేసింది. 1988లో వచ్చిన మరొక చట్టం వడ్డీ రేట్లను, రుసుములను పట్టిక రూపంలో చూపాలని నిర్దేశించింది. ఈ పట్టికను ఆ చట్టానికి కృషిచేసిన చార్లెస్ షూమర్ పేరుతో "షూమర్ బాక్స్" అంటారు.

అప్పట్లో బ్యాంకులు కార్డుదారు చెల్లించిన సొమ్మును మొదట తక్కువ వడ్డీ బాకీకి జమ చేసేవి. 0 శాతం బాకీ ఉన్న కార్డుతో కొత్తగా ఏదైనా కొంటే, బదిలీ బాకీ పూర్తిగా తీరేవరకు ఆ కొనుగోలుపై వడ్డీ పెరుగుతూనే ఉండేది. 2009 మే 22న అధ్యక్షుడు బరాక్ ఒబామా సంతకం చేసిన కార్డ్ చట్టం దీనిని మార్చింది. 2010 ఫిబ్రవరి నుండి అమలైన దాని ముఖ్య నిబంధనలు:

* కనీస చెల్లింపుకు మించిన సొమ్మును మొదట అత్యధిక వడ్డీ గల బాకీకి జమ చేయాలి.
* రాయితీ రేటు కనీసం 6 నెలలు ఉండాలి.
* చెల్లింపు 60 రోజులకు మించి ఆలస్యమైతేనే, అప్పటికే ఉన్న బాకీపై రాయితీ రేటును గడువుకు ముందు రద్దు చేయవచ్చు.

అయితే బదిలీ రుసుముకు ఈ చట్టం శాతపు పరిమితి విధించలేదు. కనీస చెల్లింపు సొమ్మును తక్కువ వడ్డీ బాకీకి జమ చేసే వీలు కూడా బ్యాంకులకు మిగిలింది. యునైటెడ్ కింగ్‌డమ్‌లో అధిక వడ్డీ బాకీకే ముందుగా జమ చేసే పద్ధతి 2011లో అమలులోకి వచ్చింది.

భారతదేశంలో

భారతదేశంలో పలు బ్యాంకులు ఇతర బ్యాంకుల కార్డు బాకీలను స్వీకరించి, నెలసరి వాయిదాలుగా (ఇఎంఐ) మార్చుతాయి. ఇక్కడ ప్రాసెసింగ్ రుసుముపైన 18 శాతం వస్తు సేవల పన్ను అదనం. "సున్నా శాతం వడ్డీ" అనేది వాస్తవానికి లేదని, వడ్డీని రుసుము రూపంలో దాచడం జరుగుతున్నదని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులో బ్యాంకులకు స్పష్టం చేసింది. 2022 ఏప్రిల్ 21న జారీచేసిన నిర్దేశాలలో, ఇఎంఐగా మార్చేటప్పుడు అసలు, వడ్డీ, రాయితీలను విడివిడిగా చూపాలని, వడ్డీ ఉన్న వాయిదాను వడ్డీ లేనిదిగా చూపరాదని ఆదేశించింది.

కార్డు బాకీపై 30 శాతానికి మించిన వార్షిక వడ్డీ అనుచితమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన ఉత్తర్వును సుప్రీం కోర్టు 2024 డిసెంబరు 20న కొట్టివేసింది.

ఉపయోగాలు, పరిమితులు

రాయితీ కాలంలోగా అప్పు పూర్తిగా తీర్చగలిగినవారికి బాకీ బదిలీ మేలు చేస్తుంది. ఇందుకు రుసుముతో కలిపిన బాకీని రాయితీ నెలల సంఖ్యతో భాగించి, ఆ వాయిదాను ప్రతినెలా చెల్లించగలమా అని చూసుకోవాలి. చెల్లించలేని పక్షంలో రాయితీ తరువాత వర్తించే రేటును పాత కార్డు రేటుతో పోల్చాలి. బదిలీతో ఖాళీ అయిన పాత కార్డును మళ్ళీ వాడితే ఒక అప్పు స్థానంలో రెండు అప్పులు మిగులుతాయి.

ఇవి కూడా చూడండి

* క్రెడిట్ కార్డు
* చక్రవడ్డీ
* భారతీయ రిజర్వు బ్యాంకు
* వినియోగదారుల హక్కులు