నూటికి ఒక్కటే పోయింది కదా అనుకోవద్దు!

బట్టీలో వంద ఇటుకలకు ఒకటి పాడైతే ‘ఒక్కటే కదా’ అని సరిపెట్టుకుంటాం. కానీ అదే లెక్కన పది లక్షలకు పదివేలు పోయినట్లే. పైగా మట్టి కలపడం, ఇటుక కోయడం, ఆరబెట్టడం, కాల్చడం అనే నాలుగు పనుల్లోనూ నూటికి ఒకటి చొప్పున పోతే చివరకు నష్టం దాదాపు నాలుగు!

ఈ లెక్కను పటంగా మార్చిన వ్యక్తి వాల్టర్ షూహార్ట్. 1924లో అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఆయన దీన్ని రూపొందించారు. రోజూ ఎంత శాతం సరుకు పాడైందో చుక్క పెడతారు. సగటును బట్టి లెక్కగట్టి పైన, కింద గీతలు గీస్తారు. గీతల మధ్య హెచ్చుతగ్గులు మామూలే. చుక్క పై గీత దాటితే మాత్రం ఏదో ప్రత్యేక కారణం ఉన్నట్లు. మహలనోబిస్ ఆహ్వానంపై షూహార్ట్ 1947-48లో మన దేశానికీ వచ్చారు. తర్వాత 1986లో మోటరోలా కంపెనీ ‘సిక్స్ సిగ్మా’ పద్ధతి చేపట్టింది. తప్పు జరిగే అవకాశాలు పది లక్షలుంటే తప్పులు 3.4కు మించరాదన్నది దాని లక్ష్యం.

మన బట్టీల్లోనూ రోజూ వంద ఇటుకలు ఏరి చూసి, పాడైనవెన్నో గోడమీద రాసుకోవచ్చు. నెల తిరిగేసరికి సగటు తేలుతుంది. ఒకనాడు లెక్క హఠాత్తుగా పెరిగితే మట్టి మారిందా, ఊక తడిసిందా అని వెతకాలి. రోజూ ఒకే తీరున ఎక్కువ పోతుంటే లోపం పని పద్ధతిలో ఉన్నట్లు. అటువంటప్పుడు కూలీ డబ్బులు కోసినంత మాత్రాన ఇటుక గట్టిపడదు!