బత్తాయి తోటకు మళ్లీ మొక్క పెట్టే ముందు

శాలిబండ నుంచి చార్మినార్ దాకా బత్తాయి రసం బండ్లు చూస్తూనే ఉంటావు గదా బిడ్డా. ఆ కాయల్లో చాలావరకు నల్లగొండ వైపు తోటల నుంచే వస్తాయి, సాతుగుడి రకం. మన ఊరి తోట ఎండిపోయి చెట్లు కొట్టేశాక, వానలు పడగానే అవే గుంతల్లో కొత్త మొక్కలు పెడదామని మీ నాన్న తొందరపడుతున్నాడు. కొంచెం ఆగమన్నా. ఎందుకో చెప్తా విను.

బత్తాయి చెట్టంటే నిజానికి రెండు చెట్లు. పైనున్నది సాతుగుడి, కింద వేరు వేరే జాతిది, రంగపూర్ నిమ్మో జంబేరో. వేరు మొక్క బెరడు చీల్చి, మంచి బత్తాయి చెట్టు నుంచి తీసిన కన్ను అందులో దూర్చి కడతారు. బెరడు కింద పలచటి పచ్చటి పొర ఉంటుంది. రెండు పొరలూ అతుక్కుంటే అంటు పట్టినట్టే. జంబేరి వేరు మీద చెట్టు ఏపుగా లేస్తుంది గానీ వేరుకుళ్లుకు తొందరగా లొంగుతుంది. అందుకే సాతుగుడికి రంగపూరే మేలని మన శాస్త్రవేత్తలు చెప్తారు.

ఈ రంగపూర్ గింజలో నాకెంతో ఇష్టమైన వింత ఒకటుంది. ఒక్క గింజ నాటితే రెండు మూడు మొలకలు వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం పుప్పొడితో పని లేకుండా తల్లి కణజాలం నుంచే పుట్టినవి, అచ్చం తల్లే. అందుకే నారుమడిలో ఒక్కతీరుగా పెరిగినవి ఉంచుకుని, తేడాగా ఉన్నవి పీకేయాలి. నర్సరీకి పోయినప్పుడు ఈ సంగతి అడగాలి, సిగ్గుపడొద్దు.

వేరు ఎంపిక ఎంత పని చేస్తుందో బ్రెజిల్ రైతులకు బాగా తెలుసు. 1930లలో అక్కడా అర్జెంటీనాలోనూ పుల్ల నారింజ వేరు మీదున్న తోటలకు ట్రిస్టీజా వైరస్ సోకింది. పేనుబంక దాన్ని చెట్టు నుంచి చెట్టుకు మోసింది. అంటు దగ్గర ఆహారం దింపే నాళాలు చచ్చి, వేళ్లు ఆకలితో మాడిపోయాయి. లక్షల చెట్లు పోయాక బ్రెజిల్ వాళ్లు కొత్త తోటలకు ఎక్కువగా ఎంచుకున్న వేరు మన రంగపూరే.

ఇక మట్టి. చెట్టు కొట్టేసినా వేళ్లు లోపలే మిగిలిపోతాయి. వాటిని పట్టుకుని శిలీంధ్రంలాంటి ఫైటోఫ్తోరా క్రిమి, కంటికి కనపడని నులిపురుగులు బతుకుతుంటాయి. ముసలి చెట్టు వాటిని ఎట్లాగో ఓర్చుకుంటుంది గానీ లేత వేరు తట్టుకోలేదు. పాత గుంతలో పెట్టిన మొక్క గిడసబారిపోయేది ఇందుకే. కాబట్టి ముందు వేళ్లన్నీ తవ్వి తీసి కాల్చేయాలి. రెండేళ్లు నిమ్మజాతి మొక్కే పెట్టకుండా జొన్న, జనుము, జీలుగ వేయాలి. ఒక పంట బంతి కూడా వేద్దామని నా కోరిక. దాని వేళ్ల నుంచి వచ్చే రసాయనం కొన్ని రకాల నులిపురుగులను చంపుతుంది, పూలు బతుకమ్మకు అమ్ముడుపోతాయి. మిరప, వంగ మాత్రం వద్దు, అవి నులిపురుగులను పెంచుతాయి.

ఈలోగా ఆరడుగుల గుంత తీసి, అడుగు అడుగుకూ మట్టి విడిగా పరీక్షకు పంపాలి. కింద సున్నపు పొర ఉంటే బత్తాయి బతకదు. బోరు నీళ్లూ పరీక్ష చేయించాలి. కొత్త గుంతలు పాత వరసల నడుమ, ఇరవై అడుగుల ఎడంలో తీస్తే ఎకరానికి దాదాపు 110 మొక్కలు పడతాయి. అంటు భాగం ఎన్నడూ మట్టిలో పూడొద్దు, పూడితే పైనున్న బత్తాయికే కుళ్లు పడుతుంది. ఫైటోఫ్తోరా బీజాలు నీటిలో ఈదుకుంటూ పోతాయి గనక, నీళ్లు మొదలుకు తగలకుండా రెండు వలయాల పాదు చేయాలి. మొదలుకు మైలతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూయాలి.

మొక్క కొనేటప్పుడు ఫ్లోరిడాను మరవొద్దు. 2005లో అక్కడ గ్రీనింగ్ తెగులు కనిపించింది. ఒకప్పుడు ఏడాదికి 24 కోట్ల పెట్టెలు పండిన నారింజ ఇప్పుడు 2 కోట్లకు కూడా చేరడం లేదు. ఆ తెగులు తెచ్చే బాక్టీరియా చిన్న పురుగుతోనే కాదు, రోగమున్న అంటు మొక్కతోనూ ఊరు దాటుతుంది. రోడ్డు పక్క చౌకగా దొరికే మొక్క నాకొద్దు. కొండమల్లేపల్లి పరిశోధనా స్థానంలో అడుగుదాం, లేదంటే తిరుపతి పోదాం.

ఈ జూన్‌లో మాత్రం మనం కొనేది జనుము విత్తనమే. మీ నాన్నకు ఆ మాట నువ్వే చెప్పు, నీ మాటయితే వింటాడు.