పొట్ట రంగు మారితే జాతి మారుతుందా?

మీ పెరట్లో గిన్నెలు కడిగే చోట మెతుకుల కోసం వాలే కాకుల్ని ఒకసారి జాగ్రత్తగా చూడండి. మెడ చుట్టూ బూడిదరంగు ఉన్నది మామూలు ఊరకాకి. ఒళ్ళంతా నల్లగా, కాస్త పెద్దదిగా, లావుపాటి ముక్కుతో, బొంగురు గొంతుతో అరిచేది బొంతకాకి. శాస్త్రజ్ఞులు వీటిని రెండు వేరు వేరు జాతులంటారు. ఈ సంగతి చెబుతుంటే తొమ్మిదో తరగతి కుర్రాడొకడు లేచి, "మాస్టారూ, నేను నలుపు, మా తమ్ముడు తెలుపు. అయితే మేమూ రెండు జాతులేనా?" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. నాకు మాత్రం ప్రశ్న నచ్చింది. జాతి అనే మాటను మనం రోజూ నానా అర్థాల్లో వాడతాం. జీవశాస్త్రంలో దాని అర్థం వేరు.

కుర్రాడి ప్రశ్నకు జవాబు కాకుల దగ్గరే ఉంది. రెండు రకాల కాకులూ ఒకే ఊళ్ళో ఉంటాయి, ఒకే చెట్టుమీద వాలతాయి. అయినా ఊరకాకి ఊరకాకితోనే, బొంతకాకి బొంతకాకితోనే జతకడతాయి. ఎర్నెస్ట్ మేయర్ అనే శాస్త్రజ్ఞుడు 1942లో ప్రచురించిన గ్రంథంలో ఈ సూత్రాన్నే గట్టిగా చెప్పాడు. ప్రకృతిలో తమలో తాము జతకట్టి సంతానాన్ని కనే జీవుల సమూహం ఒక జాతి. ఇతర సమూహాలతో అలా కలవకుండా అది విడిగా ఉంటుంది. గుర్రమూ గాడిదా కలిస్తే కంచరగాడిద పుడుతుంది కాని, దానికి సాధారణంగా పిల్లలు పుట్టవు. అందుకే గుర్రమూ గాడిదా రెండు జాతులు. ఇక ఒకే జాతిలో ఒక్కో ప్రాంతంలో ఒక్కో పోలికతో కనిపించే సమూహాలను ఉపజాతులంటారు.

సూత్రం బాగానే ఉంది. కాని రెండు రకాల పక్షులూ ఒకచోట ఉంటేనే కదా అవి జతకడతాయో లేదో తెలిసేది! వాటి మధ్య సముద్రం ఉంటే?

ఆస్ట్రేలియాకు ఈశాన్యంగా, భూమధ్యరేఖకు కాస్త దక్షిణాన, పసిఫిక్ మహాసముద్రంలో సాలొమన్ దీవులున్నాయి. మేయర్ పాతికేళ్ళ వయసులో, 1929-30లో, అక్కడ పక్షుల్ని సేకరిస్తూ తిరిగాడు. ఆ దీవుల మీద ఆయనకు మమకారం ఎంతటిదంటే, 97వ ఏట, 2001లో, జారెడ్ డైమండ్‌తో కలిసి అక్కడి పక్షుల మీద పెద్ద పుస్తకం తెచ్చాడు! ఆ దీవుల్లో మకీరా అనేది ఒకటి. దాని అడవుల్లో పురుగుల్ని పట్టి తినే చిన్న పిట్ట ఒకటుంది. పేరు మొనార్క్. వీపూ తలా నిగనిగలాడే నీలినలుపు, పొట్ట ముదురు ఇటుకరంగు. మకీరాకు పది కిలోమీటర్ల లోపు దూరంలోనే ఉగి అనే చిన్న దీవి ఉంది. అక్కడి మొనార్క్‌కు పొట్ట కూడా నలుపే. మకీరా తూర్పు కొన దగ్గరున్న ఒవరాహా, ఒవరికి దీవుల్లో కూడా అంతే, ఒళ్ళంతా నలుపు. ఈ నల్లపిట్టలన్నిటికీ కలిపి శాస్త్రజ్ఞులు ఒకే ఉపజాతి పేరు పెట్టారు.

ఇటుకరంగు పిట్టా నల్లపిట్టా ఒక జాతేనా? మన కళ్ళతో చూసి తేల్చకూడదు. పిట్టల్నే అడగాలి!

ఎలా అడగడం? ఆల్బర్ట్ ఉయ్, ఆయన సహచరులు ఒక మంచి ఉపాయం పన్నారు. మగపిట్ట అడవిలో కొంత మేర తనదని కాపలా కాస్తుంది. తన జాతి మగపిట్ట మరొకటి అందులోకి వస్తే మీదపడి తరుముతుంది. దాని జోడీకి పోటీ వచ్చేది అదే కదా! వేరే జాతి పిట్ట వస్తే అంతగా పట్టించుకోదు. అందుకని చచ్చిన పిట్టల చర్మంలో దూది కూరి, బతికున్నట్టు కనిపించే బొమ్మలు చేశారు. ఇటుకరంగు బొమ్మ ఒకటి, నల్లబొమ్మ ఒకటి అడవిలో పెట్టి చూశారు. పిట్టల కూతల్ని రికార్డు చేసి వినిపించారు. పిట్టలు తమ రంగు బొమ్మ మీదికే ఎక్కువ కోపంగా వచ్చాయి. రంగూ కూతా చూసి ఇవి తమవాళ్ళెవరో పోల్చుకుంటున్నాయన్నమాట. ఇది 2009లో ప్రచురితమైంది.

అదే పరిశోధనలో ఇంకో వింత బయటపడింది. ఈకల్లో నల్లరంగు తయారీని నడిపించే జన్యువు ఒకటుంది. దాన్ని ఇంట్లో దీపం స్విచ్ అనుకోండి. తూర్పు దీవుల నల్లపిట్టల్లో ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది. ఆ ఒక్క మార్పుతో స్విచ్ వేసినచోటే బిగుసుకుపోయినట్టు, పొట్ట కూడా నల్లబడింది.

మరి ఉగి నల్లపిట్టల్లో? అక్కడ ఈ మార్పు లేదు! స్విచ్ బాగానే ఉంది కాని, దాన్ని ఆర్పే పని చేసే ఇంకో జన్యువు మారింది. ఆర్పేవాడు లేకపోతే దీపం వెలుగుతూనే ఉంటుంది కదా. ఇది 2016లో తెలిసింది. అంటే నల్లరంగు రెండుచోట్లా విడివిడిగా పుట్టింది. మనం రంగు చూసి ఒకే పేరు పెట్టిన పిట్టల వెనుక రెండు వేరు వేరు కథలున్నాయి! ఈకల్ని నమ్మి పేరు పెట్టడంలో ఉన్న చిక్కు ఇదే.

పోనీ, మకీరా పిట్టా నల్లపిట్టా పూర్తిగా విడిపోయాయా అంటే, అదీ కాదు. పరిశోధకులు వీటిని "రూపుదిద్దుకుంటున్న జాతి" అన్నారు. విడిపోవడం మొదలైంది, ముగియలేదు. నడుస్తున్న బండిని ఏ ఊళ్ళో ఉందని చెప్పాలి?

అయినా జాబితాల్లో ఏదో ఒకటి రాయక తప్పదు. అందుకు 2010లో కొందరు శాస్త్రజ్ఞులు మార్కుల పద్ధతి తెచ్చారు. రెండు పక్షుల ఈకలు, కొలతలు, కూతల్లో తేడాలకు ఒక్కోదానికి 1 నుంచి 4 దాకా మార్కులు. మొత్తం 7 వస్తే వేరే జాతి. ఒక్క తేడాకు 4 మించి వెయ్యరు కాబట్టి, ఎంత కొట్టొచ్చినట్టున్నా ఒక్క తేడాతో ఏ పక్షీ పాస్ కాదు. నేను ఏళ్ళ తరబడి పేపర్లు దిద్దినవాణ్ణి. 34 వచ్చిన కుర్రాడికీ 35 వచ్చినవాడికీ ఎంత తేడా ఉంటుందో నాకు తెలుసు. అయినా గీత అంటూ లేకపోతే ఒక్కొక్కరు ఒక్కో తీర్పు చెబుతారు. అందువల్ల ఈ పద్ధతిని నేను తప్పుపట్టను.

పేరులో ఏముంది అనకండి. ప్రపంచంలో అంతరించిపోయే ప్రమాదమున్న పక్షుల పట్టిక ఒకటుంది. అందులో జాతుల్నే లెక్కిస్తారు. ఉపజాతులకు విడిగా చోటు లేదు. మన అండమాన్ దీవుల గుడ్లగూబ సంగతే చూడండి. పాత గోపురాల్లో, పాడుపడ్డ మేడల్లో ఉండే తెల్లమొహం గుడ్లగూబ మీకు తెలుసు. అండమాన్‌లోనిది దానికంటే చిన్నది, రంగు ముదురు. పాత పుస్తకాల్లో దాన్ని మన గుడ్లగూబకు ఉపజాతిగా రాశారు. ఆ లెక్కన అక్కడ అది పోయినా, జాతి ప్రపంచమంతటా క్షేమంగా ఉన్నట్టే. ఈనాడు చాలా జాబితాలు దాన్ని వేరే జాతిగా గుర్తిస్తున్నాయి. ఈ లెక్కన దానికి లోకం మొత్తంమీద అండమాన్ దీవులు తప్ప మరో ఇల్లు లేదు.