మేలుకొనని పెట్టె

ఉదయ ప్రసారము ఆరంభము కావలసిన వేళకు రేడియోలో ఏమియు వినరానిచో శ్రోతకు తెలియునది నిశ్శబ్దమొక్కటే. కావలివాడు తాళపుచెవి మరచి యుండవచ్చును. అతడు తలుపు తీసినను ఇంజనీరు రాకపోయి యుండవచ్చును. ఇంజనీరు వచ్చి యంత్రములను సిద్ధము చేసినను, ప్రకటనకర్తకు చదువవలసిన కాగితములు దొరకకపోయి యుండవచ్చును. బయటివారికి ఈ మూడును ఒక్కటిగానే తోచును. అయినను కాగితములు కానరానందుకు తలుపు పగులగొట్టువాడెవడును ఉండడు గదా. చిన్న కంప్యూటర్లు మేలుకొననపుడు మాత్రము మనము సాధారణముగా చేయుచున్న పని అదియే.

ఈ సంగతి మాకు నిరుడు వేసవిలో తెలిసివచ్చినది. జానపద గేయముల సేకరణకై ఒక పల్లెకు వెళ్ళినపుడు మేము వెంట కొనిపోయిన ధ్వనిముద్రణ పెట్టె అరచేతి వెడల్పు గలది. దానిని నడుపునది లైనక్స్. పాటలు చేరునది దాని పలకకే అతికియున్న ఫ్లాష్ చిప్పులోనికి. ఎనుబది యేండ్లు దాటిన ఒక అవ్వ రెండు పూటలలో 14 పాటలు పాడినది. చివరి పాట సాగుచుండగా కరెంటు పోయినది. మరల వచ్చిన పిమ్మట పెట్టెపై ఎఱ్ఱదీపము వెలిగినదే కాని పెట్టె మేలుకొనలేదు. ఆ పాటలకు వేరొక నకలు లేదు. అమ్మినవారికి ఫోను చేయగా, వెనుకనున్న చిన్న మీటను పది సెకనులు నొక్కి పట్టుకొన్నచో పెట్టె కొత్తదానివలె అగునని సెలవిచ్చిరి. అది నిజమే. కొత్త పెట్టెలో పాటలుండవు.

మా సహోద్యోగి కుమార్తె హైటెక్ సిటీలో ఇట్టి పలకలకు ప్రాణము పోయు ఉద్యోగము చేయుచున్నది. 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు ఆ ప్రాంతమునకు పేరు తెచ్చినది సాఫ్ట్‌వేరు. నేడు చిప్పుల పనియు అచ్చట విస్తారముగా జరుగుచున్నది. మెమరీ చిప్పులు చేయు మైక్రాన్ సంస్థ 2019లో హైదరాబాదున అభివృద్ధి కేంద్రము తెరచినది. 2022లో ఏఎండిలో కలిసిపోయిన జైలింక్స్ సంస్థకు అంతకు చాల ముందునుండియే ఇచ్చట కేంద్రము కలదు. దాని చిప్పులపై లైనక్సు నడచుటకు కావలసిన భాగములు వ్రాసినవారిలో ఈ నగరపు ఇంజనీర్లును ఉన్నారు. 2023 మార్చి 2న రాయదుర్గమువద్ద టీ-వర్క్స్ అను నమూనాల నిర్మాణశాలయు ప్రారంభమైనది. మేము పెట్టెను బల్లపై పెట్టగానే ఆ అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"ఆ మీట నొక్కలేదు కదా, బాబాయిగారూ?"

"లేదమ్మా."

"అయితే సగం పని అయినట్టే."

ఆ మాట అర్థమగుటకు ఫ్లాష్ స్వభావము కొంత తెలియవలెను. తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసుఓక 1984లో లోకమునకు చాటిన విద్య ఇది. సూక్ష్మమైన అరలలో విద్యుదావేశమును బంధించి ఉంచుదురు. కరెంటు పోయినను అది నిలుచును. అయితే దీనిపై వ్రాత పలకపై వ్రాత వంటిది కాదు, వాకిట ముగ్గు వంటిది. ముగ్గులో ఒక్క చుక్కను మార్చవలెనన్నను వాకిలి అంతయు కడిగి తిరిగి పెట్టవలసినదే. మట్టి వాకిలి కడిగినకొద్దియు అరగును. ఫ్లాష్ అరలును అట్లే. ఒక్కొక అరకు ఒక్కొక బిట్టు మాత్రమే దాచు మేలిరకము సుమారు లక్ష కడుగుళ్ళకు ఓర్చుకొనును. రెండేసి బిట్లు దాచునది సుమారు మూడువేలకు. అందుచేత ఇ.ఎం.ఎం.సి. అనబడు చిప్పులో ఒక చిన్న లెక్కల గుమాస్తా కూడ ఉండును. ఏ వాకిలి అరిగినది, ఏ వ్రాత ఎచ్చటికి మారినది అను చిట్టా ఆతడే వ్రాయును. ఆ చిట్టా వ్రాయుచుండగా కరెంటు పోవుటయే అన్నిటికంటె చెడ్డ ఘడియ.

ఇక మేలుకొను క్రమము. కావలివాడు ప్రధాన చిప్పులో కర్మాగారముననే చెక్కబడిన చిన్న ప్రోగ్రాము; వానిని ఎవరును మార్చలేరు. కరెంటు రాగానే అతడు కొన్ని కాళ్ళ హెచ్చుతగ్గులు చూచి ఏ తలుపు తీయవలెనో నిర్ణయించుకొనును. జైలింక్స్ వారి జింక్ అల్ట్రాస్కేల్ ప్లస్ చిప్పులో అట్టి కాళ్ళు నాలుగు. అవి 0110 అని చెప్పినచో ఇ.ఎం.ఎం.సి. వైపు పోవును. ఇంజనీరు బూట్‌లోడరు. జర్మనీకి చెందిన వుల్ఫ్‌గాంగ్ డెంక్ ప్రారంభించిన యు-బూట్ ఇందు ప్రసిద్ధమైనది. అది మెమరీని సిద్ధపరచి, లైనక్సు కెర్నెల్‌ను ఫ్లాష్‌నుండి పైకి తెచ్చి పగ్గములు అప్పగించును. కెర్నెల్ ప్రకటనకర్త, అతనికి కావలసిన కాగితముల కట్ట రూట్ ఫైల్ సిస్టము.

ఎవరు ఎచ్చట ఆగిరో తెలియుటకు దీపము చాలదు. అమ్మాయి పెట్టె మూత విప్పి, పలకపై మూడు చిన్న బిందువులకు తీగలు తగిలించినది: ఒకటి భూమి, ఒకటి మాట, ఒకటి వినికిడి. దీనిని సీరియల్ కన్సోల్ అందురు. సాధారణముగా సెకనుకు 115200 బిట్ల వేగము. ఇచ్చట ఒక జాగ్రత్త కలదు: కొన్ని పలకలపై ఈ తీగలు 3.3 వోల్టులవి, కొన్నింటిపై 1.8 వోల్టులవి, తొందరలో 5 వోల్టులది తగిలించినచో ఉన్న చిప్పును కూడ చంపుకొనవచ్చును.

తెరపై ఒక్క అక్షరమును రానిచో కావలివాని వద్దనే ఆటంకము: కరెంటు, కాళ్ళ అమరిక, లేదా బూట్‌లోడరు ఉండవలసిన చోట లేకపోవుట. ఇ.ఎం.ఎం.సి.లో పాటలు, ఫైళ్ళు ఉండు పెద్ద గది కాక రెండు చిన్న బూట్ గదులు కలవు. కొన్ని ప్రధాన చిప్పులకు ఏ గదిలో చూడవలెనో చెప్పునది ఇ.ఎం.ఎం.సి. లోని 179వ బైటు. పాడైన చిప్పు తీసి కొత్తది అతికించినవారు బూట్‌లోడరును సరిగానే వ్రాసి ఈ ఒక్క బైటు మరచి, కొత్త చిప్పు కూడ చెడ్డదేయని పారవేయుట కలదు.

యు-బూట్ పలికి, తన అమరికల మొత్తము తప్పినదనియు మూలపు అమరికలతో నడచుచున్నాననియు చెప్పినచో భయపడనక్కరలేదు. ఇంజనీరు తన చీటీ పోగొట్టుకొనెను, అంతియే. కెర్నెల్ మొదలై చిప్పుతో మాటలాడుచు మైనస్ 110 అను సంఖ్య చూపినచో గడువులోపల జవాబు రాలేదని, మైనస్ 84 అయినచో జవాబు చెదరి వచ్చినదని అర్థము. ఇట్టివి చిప్పు మరణించుటచేతనే రానక్కరలేదు. హెచ్.ఎస్.200 అను పద్ధతిలో సంకేతములు 200 మెగాహెర్ట్జుల వేగమున పరుగెత్తును. వోల్టేజి కొంచెము కుంగినను, టంకము బీట తీసినను తడబడును. వేగము తగ్గించి చూచినప్పుడు పెట్టె మేలుకొన్నచో, దోషము నిలువయందు కాక దారియందున్నదని అనుమానింపవచ్చును.

మా పెట్టె ఇన్నియు దాటి చివరి మెట్టు వద్ద కూలినది. రూట్ ఫైల్ సిస్టమును తెరువజాలనని కెర్నెల్ మొరపెట్టి, దిక్కుతెలియని బ్లాకు అని వ్రాసి, ప్రక్కన రెండు అంకెలు చూపినది: 179, 2. అమ్మాయి ముఖము వికసించినది. ఆ చోట 0, 0 ఉన్నచో కెర్నెల్‌కు నిలువ పరికరమే కనబడలేదని సామాన్యార్థము. పరికరపు పేరు మారుట వలనను అట్లగును. ఎస్.డి. కార్డు పెట్టగానే నిన్న సున్నగా ఉన్న చిప్పు నేడు ఒకటిగా మారుట తరచు జరుగును. అందుకే పేరుతో కాక విభాగపు గుర్తింపు సంఖ్యతో పిలువవలెనందురు. కాని 179 లైనక్సులో ఇట్టి కార్డుల, చిప్పుల జాతికి కేటాయించిన సంఖ్య. కనుక చిప్పు బ్రతికియున్నది, రెండవ విభాగము కనబడుచున్నది. అందలి వ్రాతయే చెదరినది.

ఇప్పుడు మరమ్మతు చేయవచ్చును గదా యని మేము తొందరపడితిమి. ఆమె ఒప్పుకొనలేదు. యు-బూట్‌ను మధ్యలో ఆపి, ఎస్.డి. కార్డుపైనున్న మరొక లైనక్సుతో పెట్టెను లేపినది. పెట్టె లోపలి చిప్పును తెరువకుండ, డిడి-రెస్క్యూ అను ప్రోగ్రాముతో మొదటి బైటునుండి చివరి బైటు వరకు నకలు తీసినది. అది సులభముగా వచ్చు భాగములను మొదట తీసికొని, మొండికేయు చోట్లను పిమ్మట మరల మరల అడుగును. ఏది మూలము, ఏది గమ్యము అని ఆమె పరిమాణములు చూచి రెండుసారులు సరిచూచుకొన్నది. అవి తారుమారైనచో మీట నొక్కినదానికిని దీనికిని భేదముండదు. చదువుటకు మాత్రమే తెరచినను నమ్మరాదట. ఎక్స్‌టి4 అను ఫైల్ సిస్టము, కేవలము చదువుమన్నప్పుడు కూడ, సగములో ఆగిన తన చిట్టాను పూర్తిచేయబూని చిప్పుపై వ్రాయును. నోలోడ్ అని చెప్పిననే మానును. ఈ ముక్క మాకు చాల విచిత్రముగా తోచినది.

మరమ్మతు నకలుపై జరిగినది. మొదటి సూపర్‌బ్లాకు, అనగా ఫైల్ సిస్టము యొక్క విషయసూచిక, చెడియున్నది. నాలుగు కిలోబైట్ల బ్లాకులు గల ఎక్స్‌టి4లో దాని ప్రతులలో మొదటిది 32768వ బ్లాకులో ఉండును. దాని ఆధారముతో పరీక్ష నడుపగా ఫైళ్ళు ఒక్కొక్కటే బయటపడినవి.

చెదరని జ్ఞాపకమును ముట్టక ముందుగా యంత్రమును లేపుట ఇంతకంటె చాల దూరమున కూడ అక్కరకు వచ్చినది. 2004 జనవరి 21న అంగారకునిపై నాసావారి స్పిరిట్ బండి మూగబోయి, పదే పదే తనంత తాను తిరిగి మొదలగుచుండెను. అది లైనక్సు కాదు గాని వ్యాధి దగ్గరిదే: ఫ్లాష్‌లో ఫైళ్ళు మితిమీరి, వాని పట్టిక తెరచుటకే మెమరీ చాలకుండెను. ఫ్లాష్‌ను తెరువక లేవుమని భూమినుండి ఆజ్ఞ పంపగా అది లేచినది. తరువాత అనవసరపు ఫైళ్ళు తీసివేసిరి. ఆ బండి నుండి చివరి సందేశము వచ్చినది 2010 మార్చిలో.

మా చిప్పు అరిగినదా అని కూడ ఆమె చూచినది. ఇ.ఎం.ఎం.సి. 5.0 నుండి 268, 269 బైట్లు ఆయువును చెప్పును. 1 అనగా పదిశాతము లోపల ఖర్చైనదని, 11 అనగా అనుకొన్న ఆయువు దాటినదని. మా దానిలో 5 ఉన్నది, అనగా నలుబది నుండి ఏబది శాతము. కావున నేరము కరెంటుదే గాని వయస్సుది కాదు. వయస్సుదే అయిన కథయు ఒకటి కలదు. 2021లో అమెరికాలో టెస్లా సంస్థ తన ఎస్, ఎక్స్ కార్లలో సుమారు 1,35,000 వెనుకకు పిలువవలసి వచ్చినది. లైనక్సుతో నడచు వాని తెరవెనుక పలకపై 8 గిగాబైట్ల ఇ.ఎం.ఎం.సి. నిరంతరపు వ్రాతచే అరిగిపోగా తెర ఆరిపోవుచుండెను. వెనుక దృశ్యము చూపు కెమెరాయు దానితోనే పోవుచుండెను.

అమ్మాయి మా పెట్టెలో దినచర్య వ్రాతలను ఫ్లాష్‌కు కాక మెమరీకి మళ్ళించి, వ్యవస్థకు రెండు ప్రతులు ఉంచి, ఒకటి కొన్నిసార్లు లేవనిచో యు-బూట్ రెండవదానిని పిలుచునట్లు అమర్చినది. పాటలకు వేరే విభాగమిచ్చినది. ఒక బ్యాటరీ కూడ కొనుమన్నది. అది ఇంకను కొనలేదు.

14 పాటలలో 13 సరిగా ఉన్నవి. చివరిది మూడవ చరణము నడుమ తెగిపోయినది. అవ్వ ఆ పాటను మరల పాడుదునని కబురంపినది. దసరా దాటిన పిమ్మట మేము ఆ పల్లెకు వెళ్ళవలసియున్నది.