మిగిలిన గుడ్డు... మళ్లీ కొత్తగా!

చుట్టాలొస్తున్నారని డజను గుడ్లు ఉడకేశారు. తీరా వడ్డించే వేళకి ఒకాయన కార్తీకమాసమన్నారు, ఇంకొకావిడ శనివారం ఒక్కపొద్దన్నారు. పిల్లలేమో తెల్లసొన తినేసి పచ్చసొన కంచం అంచున పెట్టి లేచారు. గిన్నెలో ఏడు గుడ్లు మిగిలాయి. పారేద్దామంటే మనసొప్పదు. రాత్రికి మళ్లీ అవే ఉప్పూకారం చల్లి పెడితే ఎవరూ ముట్టరు. మరేం చేయాలి?

ముందు గడియారం చూడాలి. ‘ఉడికిందే కదా, ఏమవుతుంది’ అనుకుంటారు చాలామంది. నిజానికి పచ్చిగుడ్డుకన్నా ఉడికిన గుడ్డే తొందరగా పాడవుతుంది. గుడ్డు పెంకుకు కంటికి కనిపించని రంధ్రాలు వేలల్లో ఉంటాయి. వాటిని కప్పి ఉంచే పల్చటి పొర ఉడికేటప్పుడు పోతుంది. ఇక క్రిములకు దారి తెరిచినట్టే! అందుకే ఉడికిన 2 గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయాలి. మన రోహిణీకార్తె ఎండలకైతే గంటే గడువు. పెంకుతో ఉంచితే వారం దాకా ఆగుతాయి. ఒలిచినవైతే మూతడబ్బాలో పెట్టి మర్నాటికల్లా వాడుకోవడం మేలు. పొద్దుటి నుంచీ వంటింటి గట్టుమీదే ఉన్నవాటిని మాత్రం మొహమాటపడకుండా పారేయాల్సిందే.

కోసినప్పుడు పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం కనిపిస్తే కంగారుపడి పడేయనక్కర్లేదు. ఎక్కువసేపు ఉడికితే తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి ఆ రంగు వస్తుంది. తింటే ఏమీ కాదు.

ఇక వంట సంగతి. మిగిలిన గుడ్డుకు పులుసును మించిన గతి లేదు. గుడ్లకు నాలుగువైపులా చాకుతో గాట్లు పెట్టి, పసుపూ కారం వేసిన నూనెలో పైన కాస్త పొక్కేదాకా వేయించి పక్కన పెట్టుకోవాలి. గాట్లు మరిస్తే గుడ్డు నూనెలో టప్పున పేలి మొహాన చిందుతుంది, జాగ్రత్త! అదే నూనెలో మెంతులు, ఎండుమిర్చి, ఉల్లిపాయలు వేగాక చింతపండు రసం పోసి, చిటికెడు బెల్లం వేసి మరగనివ్వాలి. చివర్లో గుడ్లు వేసి పది నిమిషాలు సన్నసెగన ఉంచితే చాలు. పిల్లలు వదిలేసిన పచ్చసొన (ఎంగిలి పడనిదైతేనే సుమా) మెదిపి ఇందులో కలిపితే పులుసు చిక్కబడుతుంది. ఈ పులుసు రుచి పూటకన్నా మర్నాడే బాగుంటుందనేవాళ్లూ ఉన్నారు, కాదనలేం.

సాయంత్రం పూటకైతే బజ్జీ. గుడ్డును సగానికి కోసి, వాము వేసిన శనగపిండిలో ముంచి వేయిస్తే సరి. వేగాక నడిమికి చీల్చి ఉల్లిముక్కలు, కారం, నిమ్మరసం కూరితే బండిమీది బజ్జీకి ఏమాత్రం తీసిపోదు. పిండి జారిపోతోందా? గుడ్డు తడిగా ఉందన్నమాట. తుడిచి ముంచండి.

గుడ్డంటే మొహం తిప్పుకునే పిల్లలకు ఖీమా చేసి పెట్టొచ్చు. క్యారెట్ తురిమే పీటతోనే గుడ్లు తురిమేసి, అల్లంవెల్లుల్లి, టమాటా, గరంమసాలా వేగిన మూకుడులో కలిపితే గుడ్డని గుర్తుపట్టడం కష్టం. చపాతీలో చుట్టి డబ్బాలో పెడితే స్కూల్లో ఖాళీ అయిపోతుంది.

తీరిక, ఓపిక ఉంటే నర్గిసీ కోఫ్తా. గుడ్డు చుట్టూ మెత్తటి మాంసం ఖీమా అద్ది వేయించి రెండుగా కోస్తారు. తెలుపూ పసుపూ కలిసి నర్గిస్ పువ్వులా ఉంటుందనే ఆ పేరు. చైనావాళ్లదైతే ఇంకో దారి. ఉడికిన గుడ్డు పెంకును చెంచాతో బీటలు వారేలా కొట్టి, సోయాసాస్, అనాసపువ్వు వేసిన టీ డికాక్షన్‌లో నానబెడతారు. పెంకు తీశాక తెల్లసొన మీద పాలరాతి చారలు!

అన్నట్టు, ఆవకాయలాగే గుడ్లనూ జాడీకెత్తుదామన్న సరదా మాత్రం వద్దు. 1997లో అమెరికాలోని ఇల్లినాయిస్‌లో ఒకాయన ఉడికిన గుడ్లకు పుల్లలతో రంధ్రాలు చేసి వెనిగర్‌లో ఊరవేశాడు. సీసాను ఫ్రిజ్‌లో పెట్టలేదు. అవి తిని బొటులిజం సోకి ఆస్పత్రి పాలయ్యాడు. పులుపు గుడ్డు నడిమిదాకా ఇంకకముందే లోపల విషం తయారైంది. గుడ్డు ఊరగాయ పెట్టుకున్నా ఫ్రిజ్‌లోనే ఉంచాలి. అలాగే ఒలిచిన గుడ్డును అలాగే మైక్రోవేవ్‌లో వేడిచేయొద్దు. బయటికి తీశాక, కొరికినప్పుడు పేలిన సందర్భాలున్నాయి. కోసి పెడితే భయం లేదు. ఫ్రీజర్‌లోనూ పెట్టొద్దు, తెల్లసొన రబ్బరులా సాగుతుంది.

ఫ్రిజ్‌లో ఉడికినవీ పచ్చివీ కలిసిపోయాయా? గట్టుమీద పెట్టి బొంగరంలా తిప్పండి. ఉడికింది గిర్రున తిరుగుతుంది, పచ్చిది తడబడుతుంది. ఈసారి నుంచి పెంకుమీద పెన్సిల్‌తో తేదీ వేసి పెట్టుకుంటే ఆ ఆటా అక్కర్లేదు.